అలసట వేరు, వేసట వేరు

తెలుగులో అలసట, వేసట అని రెండు మాటలున్నాయి. పైకి ఒకే అర్థం ఇచ్చేవిగా కనిపించినా వీటి నడుమ సూక్ష్మమైన భేదం కలదు. పగలంతా పొలంలో శ్రమించిన రైతుకు కంటినిండా నిద్ర పడితే తెల్లవారేసరికి అలసట తీరుతుంది. వేసట అలా తీరేది కాదు. అది మనసుకు పట్టిన అలుపు. నిన్నటివరకు ప్రీతితో చేసిన పనే నేడు భారంగా తోచడం వేసారిన మనిషి లక్షణం. ఉద్యోగ జీవితంలో ఈ వేసట ఎందుకు కలుగుతుందో, దీనిని నివారించే మార్గమేమిటో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

ఒత్తిడి అన్నంత మాత్రాన అది శత్రువు కాదు. పరీక్షల ముందు కలిగే కొద్దిపాటి ఆందోళనయే విద్యార్థిచేత పుస్తకం తెరిపిస్తుంది. హాన్స్ సెల్యీ అనే శాస్త్రవేత్త ఎలుకలపై ప్రయోగాలు చేసి, 1936లో ఒత్తిడికి శరీరం స్పందించే విధానాన్ని వివరించాడు. శరీరం మొదట ఉలిక్కిపడుతుంది, పిదప ఎదురు నిలుస్తుంది, ఒత్తిడి ఎంతకూ తొలగకపోతే చివరకు శక్తి ఉడిగిపోతుంది. ప్రమాదమంతా ఈ మూడవ దశలోనే ఉంది.

1974లో న్యూయార్కుకు చెందిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఉచిత వైద్యశాలలో సేవ చేసేవారిలో ఇట్టి స్థితిని గమనించి, దానిని ‘బర్నవుట్’ అని వర్ణించాడు. చమురు ఇంకిపోయిన ప్రమిదలో వత్తి తానే కాలిపోవడం వంటిది ఇది. 1981లో క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే పరిశోధకురాళ్లు దీనిని కొలిచే ప్రశ్నావళిని ప్రకటించారు. వారు చూపిన లక్షణాలు మూడు: మనసు పూర్తిగా అలసిపోవడం, ఎదుటివారిని మనుషులుగా చూడలేకపోవడం, తాను సాధించినదేదీ లేదనుకోవడం.

ఈ రెండవ లక్షణాన్ని గురించి స్వానుభవం ఒకటి మనవి చేస్తాను. ఒక వేసవిలో కట్టలకొద్దీ జవాబుపత్రాలు దిద్దుతున్నాను. ఒక విద్యార్థి ఏదో సందేహం అడగడానికి వచ్చి గుమ్మం వద్ద నిలబడ్డాడు. తలెత్తకుండానే “తరువాత రా” అన్నాను. అతడు మళ్లీ రాలేదు. ఆనాడు నాకు అతనిపై కోపం లేదు. అసలు ఏ భావమూ లేదు. ఆ సంగతి గ్రహించినప్పుడు నాకు భయం వేసింది. వచ్చినవాడి ముఖమైనా నాకు గుర్తులేదు.

ఇది వ్యక్తి బలహీనత మాత్రమేనా? కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వ్యాధిగా గాక, వృత్తికి సంబంధించిన స్థితిగా నిర్వచించింది. దీర్ఘకాలపు పని ఒత్తిడిని సరిగా నిర్వహించనందువల్ల కలిగే ఫలితమని పేర్కొన్నది. వారానికి 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేసేవారికి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు అధికమని ఆ సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెల్లడించాయి.

దీనికి మన ఊరి రైలుపట్టాలే చక్కని ఉదాహరణ. కొత్తవలస, కిరండూల్ మార్గంలో ఇనుప ఖనిజపు బండ్లు మన శృంగవరపుకోట మీదుగా సాగుతాయి. బొడ్డవర దాటాక ఘాట్లు, సొరంగాలు, వంపులు; దాదాపు 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ. అక్కడినుండి బరువైన బండిని దించే డ్రైవరు రెప్పపాటు ఏమరినా చాలు, ముప్పు తప్పదు. అతనికి విశ్రాంతి దయతో ఇచ్చేది కాదు, అది భద్రతలో భాగం. ఎడతెగని పనిగంటలపై ఇంజను సిబ్బంది దేశవ్యాప్తంగా ఆందోళన చేయగా, ఏకబిగిన పది గంటలకు మించి పని ఉండరాదన్న హామీ 1973 ఆగస్టులో లభించింది. 1989 నాటి రైల్వే చట్టం ఎడతెగని ఏకాగ్రత కోరే పనిని ప్రత్యేక తరగతిగా గుర్తించి, దానికి సగటున వారానికి 45 గంటల పరిమితి విధించింది. సాధారణంగా ఎడతెగక సాగే పనికి ఆ పరిమితి 54 గంటలు. అనగా గడియారం చూపే గంటలనే గాక, మనసు మోసే బరువును కూడా చట్టం లెక్కించిందన్నమాట.

పలక పట్టిన పిల్లలకు సైతం ఆటవిడుపు ఉండాలని మన పెద్దలు ఎరుగుదురు. ఉర్దూలో ‘ఫుర్సత్’ అనే మాటలోని హాయి పెద్దలకూ కావాలి. వేళకు నిద్ర, సాయంత్రపు నడక, మనసు విప్పి మాట్లాడే మిత్రుడు, చేయలేని పనికి మర్యాదగా “చేయలేను” అనడం, ఇవి వ్యక్తి చేతిలోనివి. ఎంతకూ నిద్ర పట్టకున్నా, దిగులు వదలకున్నా వైద్యుని సంప్రదించడానికి సంకోచించరాదు.

అయితే సగం మందు సంస్థల చేతిలో ఉంది. పనిని సమంగా పంచడం, అదనపు బాధ్యతను ముందుగా తెలియజేయడం, వరుస తరగతుల నడుమ ఒక పీరియడు విరామం, అడ్మిషన్ల రోజుల్లో గుమాస్తాలకు తోడు మనిషి, చేసిన పనికి ఒక మంచిమాట. వీటిలో అధిక వ్యయమయ్యేవి అరుదు. ఏ కళాశాల పాలకవర్గమైనా వీటిని ఆలోచించవచ్చు.

విద్యార్థులారా! రేపు మీరు ఉపాధ్యాయులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజను డ్రైవర్లు అవుతారు. కష్టపడండి. కాని మీ గుమ్మం వద్దకు వచ్చినవారి ముఖం చూడలేనంతగా అలసిపోకండి. అట్టి రోజు వస్తే, కలం పక్కన పెట్టి కాసేపు ఆగండి. పని కొంత ఆలస్యమైనా తిరిగి అందుకోవచ్చు. వెనుదిరిగి వెళ్లిన మనిషి మాత్రం మళ్లీ రాకపోవచ్చు.