అద్దము ముందటి చిత్రకారిణి

స్త్రీరూపమును పురుషుడు చిత్రించుట లోకమున చిరకాలముగా నున్న యాచారము. తన రూపమును తానే యద్దమున జూచి చిత్రించి, ఆ విద్యచేతనే స్వతంత్రముగా జీవించిన స్త్రీలు మాత్రము అరుదు. అట్టివారిలో నొకతెయగు అమెరికా చిత్రకారిణి జోయీ మొజర్టు చరిత్రమును సోదరీమణులకు దెలుపదలచితిమి.

ఈమె 1907వ సంవత్సరమున కొలరాడో స్ప్రింగ్సు పట్టణమున జన్మించెను. తొలిపేరు ఆలిస్ అడిలెయిడ్ మోజర్. 1925లో ఫిలడెల్ఫియా నగరమందలి పారిశ్రామిక కళాశాలలో జేరి, థార్న్‌టన్ ఓక్లీ యొద్ద చిత్రరచన నభ్యసించెను. బడిజీతము కట్టుకొనుటకై ఇతర చిత్రకారుల యెదుట మాదిరిగా నిలిచి ధనమార్జించెను. కదలక మెదలక నిలుచువారి శ్రమ యెట్టిదో కుంచె పట్టువారికి సామాన్యముగా దెలియదు, ఈమెకు దెలియును.

పిదప నీమె పత్రికల ముఖచిత్రములను, సినీమా ప్రకటనచిత్రములను వందలకొలదిగా రచించెను. 1937లో వెలువడిన 'ట్రూ కన్ఫెషన్' చిత్రమునకు కరోల్ లొంబార్డు రూపమును, 1943లో ప్రదర్శితమైన 'ది ఔట్‌లా' చిత్రమునకు జేన్ రస్సెల్ రూపమును వ్రాసినది ఈమెయే. నూనెరంగులకంటె పాస్టెల్ అను పొడిరంగు కణికలయం దీమెకు మక్కువ. అవి యారువరకు వేచియుండ బనిలేదు. వ్రేలికొనతో నలిమినచో మేనిచాయ మెత్తగా దేలును. గడువునకు పని యప్పగింపవలసిన వారికి ఇది గొప్ప సౌకర్యము.

ఈమెకు విశేషఖ్యాతి దెచ్చినవి 'పినప్' చిత్రములు. అనగా గుండుసూదితో గోడకు గ్రుచ్చుకొను సుందరీచిత్రములు. 1941లో సెయింట్ పాల్ నగరమందలి బ్రౌన్ అండ్ బిగెలో కంపెనీ యీమె చిత్రమును గొని, పిమ్మట నీమెతో నొడంబడిక చేసికొనెను. ఆ కంపెనీ క్యాలెండరులను అచ్చొత్తి, వాటిపై వర్తకుల పేళ్లు ముద్రించి యమ్మును; వర్తకులు తమ ఖాతాదారులకు వానిని ఉచితముగా బంచుదురు. మన యిండ్లలో లక్ష్మీసరస్వతుల చిత్రములతో గోడల కెక్కిన క్యాలెండరుల మర్మమును నిదియే. ఒక్కసారి ఖర్చుపెట్టిన ప్రకటన పండ్రెండు మాసములు కన్నులయెదుట నుండును.

పెక్కు చిత్రములకు మొజర్టు తానే మాదిరి. అద్దము నెదుట నిలుపుకొని, కూర్చుండు తీరును వెలుగునీడలను తానే నిర్ణయించుకొని వ్రాసెడిది. చూడబడునదియు, చూచునదియు నామెయే.

అర్ధనగ్నచిత్రములతో ధనార్జన చేయుట స్త్రీకి దగునా యని కొందరు సోదరీమణు లడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ఆ క్యాలెండరులు పురుషుల కన్నులకై చేసిన సరకు. స్త్రీ వ్రాసినంతమాత్రమున ఆ దోషము తొలగిపోదని మేమును ఒప్పుకొందుము. కాని ఆ సంతను మొజర్టు సృష్టింపలేదు. పురుషులే యధికముగానున్న యా వృత్తిలో పెర్ల్ ఫ్రష్, జాయిస్ బాలంటైన్ అను మరియిద్దరు స్త్రీలతోపాటు ఈమె తన పనితనముచే నగ్రస్థానము నందెను. ఒకప్పుడు రూపమునకు మాత్రమే కూలి దొరకిన యువతి, తుదకు తన చేవ్రాలునకు వెల కట్టించుకొనగలిగెను.

1993లో ఆరిజోనా రాష్ట్రమున నీమె గతించెను. ఆ చిత్రములను మెచ్చుటయు మానుటయు ఎవరి యభిరుచి వారిది. చిత్రమందలి సుందరిని జూచునపుడు, చిత్రము వెలుపల రంగుకణిక బట్టి నిలిచిన యా శ్రమజీవినిగూడ దలచుకొనుట న్యాయమని మా యభిప్రాయము.