బొమ్మరిల్లులో భౌతికశాస్త్రం: ఇంటిని పన్నెండో వంతుకు కుదిస్తే ఏమవుతుంది?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. బొమ్మల కొలువు పెట్టే తెలుగువారికి కింది మెట్టు మీద చిన్న ఊరినో, తోటనో అమర్చడం కొత్త కాదు. ఈసారి అక్కడ తాము ఉంటున్న రైల్వే క్వార్టర్స్‌నే బొమ్మరిల్లుగా కట్టి పెడదామని ఒక ఇంట్లో అనుకున్నారనుకుందాం. అన్ని కొలతలనూ ఒకే లెక్కన తగ్గిస్తే సరిపోతుందా?

అడుగుకు అంగుళం

బొమ్మరిళ్లు కట్టేవారు ఎక్కువగా వాడేది 1:12 స్కేలు. అంటే అసలు ఇంట్లో ఒక అడుగు బొమ్మరింట్లో ఒక అంగుళం. పదడుగుల గది పది అంగుళాలవుతుంది, ఏడడుగుల తలుపు ఏడంగుళాలవుతుంది. అయిదంగుళాల గోడ మందం 10 మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి 9 లేదా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరిపోతుంది. ఇదే లెక్కన ఖరగ్‌పూర్ స్టేషనులోని 1072.5 మీటర్ల ప్రసిద్ధ ప్లాట్‌ఫారాన్ని కూడా చేయాలంటే దాదాపు 89 మీటర్ల స్థలం కావాలి!

న్యూఢిల్లీ నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించిన ఎడ్విన్ లుట్యెన్స్ 1920లలో బ్రిటన్ రాణి మేరీ కోసం రూపొందించిన బొమ్మరిల్లు కూడా ఈ స్కేలులోనిదే. అందులో విద్యుత్ దీపాలు వెలుగుతాయి, కుళాయిల్లో నీళ్లు వస్తాయి.

గోడ నిలుస్తుంది, తెర వేలాడదు

పొడవు 12 రెట్లు తగ్గితే వైశాల్యం 144 రెట్లు, ఘనపరిమాణం 1728 రెట్లు తగ్గుతాయి. బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఆ బరువును మోసే శక్తి గోడ అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అందువల్ల అదే పదార్థంతో కట్టిన చిన్న గోడ, తన బరువుతో పోలిస్తే 12 రెట్లు బలంగా ఉన్నట్టు లెక్క. గెలీలియో 1638లోనే ఈ సంగతి వివరించాడు. బొమ్మరిల్లు దూలాలు లేకుండా నిలబడినంత మాత్రాన అదే నమూనాలో అసలు ఇల్లు కట్టకూడదు.

బట్ట విషయంలో ఈ లెక్కే ఎదురు తిరుగుతుంది. పాత నూలు చీర ముక్కను కిటికీకి తెరగా కడితే అది జారిపడదు, అట్టలా బిగుసుకుని ఉంటుంది. ముక్క చిన్నదైంది గాని బట్ట మందం తగ్గలేదు. దాని బిగుసుదనాన్ని వంచడానికి చిన్న ముక్క బరువు చాలదు. పలుచని పట్టుబట్ట తీసుకుని, తడిపి, మడతలు పెట్టి ఆరనిస్తే కొంతవరకు తెరలా కనిపిస్తుంది.

నీటిదీ ఇదే కథ. కుళాయి నుంచి రాలే బొట్టు సుమారు 4 మిల్లీమీటర్లు ఉంటుంది. తలతన్యత వల్ల ఏర్పడే ఈ పరిమాణం బొమ్మరిల్లు స్కేలును పట్టించుకోదు. ఆ ఇంటి బొమ్మ మనుషులకు అది నిమ్మకాయంత బొట్టు!

వానాకాలం పెట్టే పరీక్ష

ఖరగ్‌పూర్ వానాకాలంలో గాలి తేమగా ఉంటుంది. చెక్క ఆ తేమను పీల్చి ఉబ్బుతుంది. నార వెంబడి దాదాపు మారదు గాని, నారకు అడ్డంగా స్పష్టంగా పెరుగుతుంది. పలుచని పలక వంకర తిరగడానికీ, తలుపు పట్టేయడానికీ కారణం ఇదే. ప్లైవుడ్‌లో పొరల నారలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఈ బెడద తక్కువ. రంగు ఒకవైపే వేస్తే రెండో వైపు నుంచి తేమ ఎక్కువగా చేరి పలక వంగవచ్చు. అందుకే రెండు వైపులా వేయాలి. పిల్లలు ముట్టుకునే వస్తువు కాబట్టి పాత డబ్బాలో మిగిలిన రంగు వద్దు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది.

దీపం పెట్టేటప్పుడు

తెల్లని ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి. మూడు పెన్సిల్ సెల్స్‌ను వరుసగా కలిపితే 4.5 వోల్టులు వస్తాయి. మిగిలిన 1.5 వోల్టులను అడ్డుకుని, కరెంటును 10 మిల్లీయాంపియర్లకు పరిమితం చేయడానికి 150 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. గదికొక దీపం పెడితే ప్రతి దీపానికీ విడిగా రెసిస్టర్ ఉండాలి.

చిన్నగా ఉంటాయని గుండీ సెల్స్ వాడవద్దు. పిల్లలు మింగితే అవి అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. అప్పుడు వాటి కరెంటు అక్కడి తడిలో క్షారాన్ని పుట్టించి, రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బొమ్మరింట్లో పెన్సిల్ సెల్స్‌నే వాడి, వాటి పెట్టెకు స్క్రూ మూత బిగించాలి.

ఇక టేపు తీసుకుని ముందు మీ గదినే కొలవండి. తలుపు, కిటికీ, మంచం కొలతలను అడుగుకు అంగుళం చొప్పున కాగితం మీద గీయండి. వాటిలో ఏది కుదిస్తే సరిపోతుందో, దేనికి వేరే పదార్థం వెతకాలో ఒక్కొక్కటిగా రాసుకోండి. చెక్క కోయడం ఆ తర్వాతి పని.