పత్రికలయందలి గణిత ప్రశ్నలు: గుత్తి, బెంగుళూరు, మదరాసు

లెక్కను చిక్కుప్రశ్నగా మలచి యెదుటివాని బుద్ధిని పరీక్షించుట తెలుగువారికి క్రొత్త గాదు. కన్నడదేశమున రాష్ట్రకూట నృపతి అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అయితే ఆ లెక్కలు గురుశిష్యుల నడుమ నడచినవి. ఒకరి ముఖ మొకరు చూడనివారు, వేరువేరు ఊళ్లనుండి, ఒకే ప్రశ్నకు తపాలా మూలమున సమాధానములు పంపుకొను ఆచారము మాత్రము అచ్చుపత్రికలతో వచ్చినది. ఇంగ్లండున 1704లో ఆరంభమైన లేడీస్ డైరీ అను పంచాంగ మిట్టి ప్రశ్నలకు పేరు వడసినది. తరువాతి కాలమున లండనులోని ఎడ్యుకేషనల్ టైమ్స్ పత్రిక ఆ పని నింకను పెద్ద యెత్తున సాగించెను.

ఈ లండను పత్రికకు దక్షిణదేశమునుండి గణిత విషయములు పంపుచుండిన యువకులలో వి. రామస్వామి అయ్యరు ఒకడు. ఆ పత్రికవారు ఆయనను ప్రొఫెసరని భావించి అట్లే సంబోధించిరనియు, ఆ బిరుదు ఆయన కంతటితో నిలిచిపోయెననియు చెప్పుదురు. నిజమునకు ఆయన రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. అనంతపురము జిల్లా గుత్తిలో ఉద్యోగము చేయుచుండగా, గ్రంథములు గాని విదేశ పత్రికలు గాని దొరకని కొఱతను తీర్చుకొనుటకై, 1906 డిసెంబరులో కొందఱు గణితాభిమానులకు ఉత్తరములు వ్రాసెను. తలకు సాలుకు 25 రూపాయలు చందా వేసికొని పత్రికలు తెప్పించి యందఱును చదువుకొందమని ఆయన సూచన. 1907 ఏప్రిలులో ఎనలిటిక్ క్లబ్బు ఏర్పడెను. అదియే తరువాత ఇండియన్ మేథమేటికల్ సొసైటీ అయ్యెను. మొదటి అధ్యక్షుడు మదరాసు ఇంజనీరింగు కళాశాలలోని బి. హనుమంతరావు. గ్రంథాలయము పూనా ఫెర్గూసన్ కళాశాలలో నెలకొన్నది. 1909లో వెలువడిన పత్రికకు బెంగుళూరు సెంట్రల్ కళాశాల ఆచార్యుడు ఎం.టి. నారాయణ అయ్యంగారు సంపాదకుడు. కొండకోట తప్ప వేఱు ప్రసిద్ధి లేని ఒక తాలూకా పట్టణమునుండి పుట్టిన యుత్తరము మూడు రాష్ట్రముల విద్వాంసులను కూర్చినది.

ఆ పత్రికలో ప్రశ్నల విభాగ మొకటి యుండెడిది. పాఠకులే ప్రశ్నలు పంపుదురు, పాఠకులే జవాబులు చెప్పుదురు. పట్టా లేదని యచట నెవ్వరును అడుగలేదు. శ్రీనివాస రామానుజను పరీక్షలు తప్పి, జీవనోపాధి లేక తిరుగుచున్న దినములలో, 1911లో, 289వ సంఖ్యతో ఆయన ప్రశ్న ప్రకటింపబడెను. 1కి 2 రెట్లు ఒక వర్గమూలము చేర్చి, ఆ మొత్తమునకు వర్గమూలము తీయవలెను. లోపలి వర్గమూలమునందు మరల 1కి 3 రెట్లు వేఱొక వర్గమూలము, దానిలోపల 1కి 4 రెట్లు మఱియొకటి, ఇట్లు అంతము లేకుండ సాగును. దీని విలువ యెంత? మూడు సంచికలు గడచినను జవాబు రాలేదు. చివరకు రామానుజనే చెప్పవలసి వచ్చెను. విలువ 3.

సూత్రము చూచిన తరువాత ఆశ్చర్యము కలుగును గాని, కఠినమనిపింపదు. 3 అనగా 9 యొక్క వర్గమూలము. 9 అనగా 1కి 2 నాలుగులు చేర్చినది. ఆ 4 అనగా 16 యొక్క వర్గమూలము. 16 అనగా 1కి 3 అయిదులు చేర్చినది. ఆ 5 యొక్క వర్గము 25, అనగా 1కి 4 ఆఱులు చేర్చినది. ఏ సంఖ్య వర్గమైనను, దానికి ముందు వెనుకల సంఖ్యల లబ్ధముకంటె 1 యెక్కువ. బడిపిల్లలకు తెలిసిన యీ సంగతియే యా ప్రశ్నకు మూలము. అంతము లేని యీ వరుస నిజముగా 3నే చేరునని నిరూపించుటకు మాత్ర మింకొంత పని కలదు.

1910లో రామానుజను తిరుక్కోయిలూరున రామస్వామి అయ్యరును చూచి చిన్న గుమాస్తా పని యడిగెను. అయ్యరు ఆ నోటుపుస్తకములు చూచి, ఇట్టివానిని కచేరీలో అడుగువరుసకు కట్టివేయుటకు మనసొప్పక, మదరాసు మిత్రులకు పరిచయపత్రము లిచ్చి పంపెను. ఆ దారిలోనే సొసైటీ కార్యదర్శియు, నెల్లూరు కలెక్టరును అగు ఆర్. రామచంద్రరావు దర్శనము లభించినది. ఆయన నెలకు 25 రూపాయలు స్వయముగా నిచ్చి కొంతకాలము పోషించెను. 1912లో మదరాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పని దొరకెను.

కేంబ్రిడ్జిలో నుండగా 1914 డిసెంబరున పి.సి. మహలనోబిస్ స్ట్రాండ్ పత్రికనుండి డ్యూడెనీ వ్రాసిన ప్రశ్న నొకటి చదివి వినిపించెను. ఒక వీథిలో ఇండ్లకు 1 మొదలు వరుసగా సంఖ్యలు గలవు. ఒక యింటికి ఎడమనున్న సంఖ్యల మొత్తము, కుడినున్న సంఖ్యల మొత్తము సమానము. ఇండ్లు 50కి మించి 500లోపల నున్నవి. ఆ యింటి సంఖ్య యేది? రామానుజను కూర వండుచునే, ఒక్క జవాబు గాక జవాబుల వరుసనంతయు అవిచ్ఛిన్న భిన్నముగా చెప్పెను. 8 ఇండ్లలో 6వది, 49లో 35వది, 288లో 204వది. అడిగినది యీ మూడవది. ముందు జవాబును 6 రెట్లు చేసి అంతకు ముందుదానిని తీసివేయగా తరువాతిది వచ్చును: 35ను 6 రెట్లు చేసి 6 తీసివేయగా 204. ఇది బ్రహ్మగుప్తుడు 628లో వ్రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతములోని వర్గప్రకృతికి చెందిన లెక్కయే. పత్రికలో కాలక్షేపముగా వచ్చినదని తేలికగా చూడరాదు.

పాఠకుల ప్రశ్నలలో కొన్నిటి యాయువు దీర్ఘము. రామానుజను 1913లో 464వ ప్రశ్నగా ఇట్లడిగెను: 2ను వరుసగా హెచ్చవేయుచు పోవగా వచ్చు సంఖ్యలనుండి 7 తీసివేసిన, 3, 4, 5, 7, 15 ఘాతములయందు పూర్ణవర్గము మిగులును. ఇంకెచ్చటనైన మిగులునా? 15వ ఘాతము 32768. 7 పోగా 32761, అది 181 యొక్క వర్గము. మఱియొకటి లేదని నార్వే దేశీయుడు ట్రిగ్వె నాగెల్ 1948లో నిరూపించెను. రామానుజను మరణించి అప్పటికి 28 సంవత్సరములైనది.