అరచేతుల చెమట

ఎండలో చెమర్చుట దేహధర్మము. కాని చలికాలమునందును అరచేతులు తడిసి, పరీక్షలో కాగితము నాని, సిరా అలుకుకొనిపోవు బాలికలు కలరు. పిరికిదని ఇంటివారు గద్దింతురు. అది పిరికితనము కాదు, సోదరీమణులారా! స్వేదగ్రంథులను ప్రేరేపించు నరముల అతిచేష్ట. కొన్ని కుటుంబములలో వంశానుగతము. రాత్రులందు ఒడలెల్ల చెమర్చి బరువు తగ్గుచున్నచో మాత్రము సంగతి వేరు. క్షయ, థైరాయిడు మున్నగువానికై వైద్యుడు పరీక్షింపవలెను.

మొదట అల్యూమినియం క్లోరైడు ద్రావకమును రాత్రి పరుండబోవునపుడు పూసి, ఉదయమున కడుగవలెను. చర్మము పొడిగా నుండవలెను సుమా, తడిపై పూసిన మంట పుట్టును. అది చాలనిచో చేతులను నీటితొట్టెలలో నుంచి సుమారు 20 నిమిషములు మందవిద్యుత్తును పంపు చికిత్స కలదు, గర్భిణులకు తగదు. చంకల చెమటకు బొటాక్సు సూదిమందును అమెరికా ఔషధ నియంత్రణశాఖ 2004లో అంగీకరించెను. దాని గుణము ఇంచుమించు 6 నెలలు, వ్యయమధికము. మాత్రలును కలవు గాని నోరెండజేయును.

ఇక వెన్నెముక ప్రక్కగా ఎదలోనున్న నరమును ఖండించు శస్త్రచికిత్స. చేతులు పొడియగును, నిజమే. కాని పెక్కండ్రకు వీపునను కడుపునను క్రొత్తగా చెమట ధారకట్టును. తెగిన నరమును మరల పూర్వస్థితికి దెచ్చుట దుర్ఘటము. ముహూర్తము సమీపించినదని కుమార్తెను శస్త్రవైద్యునికడకు కొనిపోవు తల్లి, ఈ మాట ముందుగా ఆమెకు చెప్పి, ఆమె సమ్మతి నడుగవలెను.