పట్టేసిన బారెల్ నట్టు

మెకానికల్‌లో ఎమ్మెస్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్ళు మనలో తక్కువేమీ కాదు. నేనూ ఆ బాపతే. పన్నెండేళ్ళుగా చేతికి గ్రీజు అంటలేదు. అలాంటిది 2023 అక్టోబరులో, మిషిగన్‌లో ఒక పెద్దాయన గరాజులో, ఒక రైఫిల్ నట్టు ముందు మూడు వారాంతాలు గడిపాను. ఆ కథా, దాని వెనక ఉన్న ఇంజనీరింగూ చెబుదామని ఈ వ్యాసం. నేను శాకాహారిని, వేటకి వెళ్ళను. కాబట్టి ఇందులో జింకలు రావు, నట్టు మాత్రమే వస్తుంది.

ఆ పెద్దాయన నా మొదటి ఉద్యోగంలో నాకు పని నేర్పినాయన. ఇప్పుడు రిటైరయ్యారు. మిషిగన్‌లో రైఫిల్‌తో జింకల వేట ఏటా నవంబరు 15న మొదలవుతుంది, అది ఏ వారమైనా సరే. ఆ రోజుకి ఆయనా, ఆయన భార్యా ఉత్తరాన అప్పర్ పెనిన్సులా అడవులకి చేరుకునేవారు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ రైఫిల్‌ని ఇప్పుడు కాలేజీలో చేరిన మనవరాలికి ఇవ్వాలని ఆయన కోరిక. కానీ బారెల్ లోపల తుప్పు తిని గుంటలు పడ్డాయి. కొత్త బారెల్ తెప్పించారు, పనిముట్లు తెప్పించారు, తీరా చూస్తే కీళ్ళవాతంతో ఆయన చేతులు పానా పట్టుకోలేకపోయాయి. కొత్త రైఫిల్ కొంటే తేలిక కదా అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు మనవాళ్ళకి ఒక హెచ్చరిక. హెచ్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చాక ఆ నిషేధం వర్తించదు, రాష్ట్రాల చట్టాలు మాత్రం వేరువేరు. డబ్బు తీసుకుని వ్యాపారంగా తుపాకులు బాగుచెయ్యాలంటే ఫెడరల్ లైసెన్సు కావాలి. మన దేశంలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీ రిపేరు చెయ్యడమే నేరం. నాకిప్పుడు సిటిజన్‌షిప్ ఉంది, అయినా ఆ రైఫిల్ ఆయన గరాజు దాటలేదు. పని మొదలుపెట్టేముందు ఖాళీగా ఉందని ఇద్దరం విడివిడిగా చూశాం, బోల్ట్ తీసి పక్కన పెట్టాం, తూటాల పెట్టెని ఇంట్లోకి పంపేశాం.

ఇక నట్టు సంగతి. చాలా రైఫిళ్ళలో బారెల్‌కి ఒక భుజం లాంటి అంచు ఉంటుంది. బారెల్‌ని రిసీవర్‌లోకి మర తిప్పుకుంటూ పోతే ఆ అంచు తగిలి ఆగుతుంది. ఎక్కడ ఆగాలో లేతు మీద ముందే లెక్కగా కోసి ఉండాలి. శావేజ్ కంపెనీ 1958లో తెచ్చిన మోడల్ 110లో ఈ భుజం లేదు. దాని బదులు బారెల్ మీద ఒక పెద్ద నట్టు ఉంటుంది. మన సైకిల్ ఇరుసుకి కోను, దాని మీద లాక్ నట్టు ఉంటాయి చూశారా, సరిగ్గా అదే పద్ధతి. కోనుని కావలసిన చోట నిలిపి లాక్ నట్టుతో బిగించినట్టు, బారెల్‌ని కావలసిన లోతులో నిలిపి నట్టు బిగిస్తారు. లేతు లేకపోయినా గరాజులో బారెల్ మార్చుకోవచ్చు. మా పెద్దాయన దగ్గరున్నది ఆ కుటుంబానికే చెందిన మోడల్ 10, .308 వించెస్టర్ తూటాది.

"కావలసిన లోతు" అన్నాను కదా, దాని పేరు హెడ్‌స్పేస్. తూటా వెనక ఆనే బోల్ట్ ముఖానికీ, ముందు తూటా భుజం ఆనే చోటుకీ మధ్య దూరం అన్నమాట. .308కి గో గేజి 1.630 అంగుళాలు, నో-గో గేజి 1.634. తేడా అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులు, అంటే సుమారు 0.1 మిల్లీమీటరు. ఈ బారెల్ మర అంగుళానికి 20 చుట్లు, కాబట్టి ఒక పూర్తి చుట్టుకి 0.050 అంగుళం కదులుతుంది. ఆ నాలుగు వంతులకి 29 డిగ్రీలు కూడా పట్టదు. గడియారంలో పెద్దముల్లు అయిదు నిమిషాల్లో తిరిగేంత. దూరం తగ్గితే బోల్ట్ మూసుకోదు, అంతే. పెరిగితే మాత్రం పేలినప్పుడు ఇత్తడి తొడుగు సాగి తెగి, వేడి వాయువులు వెనక్కి మొహం మీదకి రావచ్చు. ఇంత సున్నితమైన సర్దుబాటంతా ఒక నట్టు చేతిలో ఉంది. అది కదలనంటోంది.

మొదటి శనివారం నేను చేసినవన్నీ తప్పులే. బారెల్‌ని చెక్క దిమ్మల మధ్య వైస్‌లో బిగించి, నట్టు గాళ్ళలోకి పళ్ళు దిగే పానా తగిలించి లాగాను. కదల్లేదు. పానాకి ఒక ఇనప పైపు తొడిగాను. అడుగు పొడవు పానా మూడడుగులయింది. నా బరువు 170 పౌన్లు, మొత్తం వేలాడితే 500 అడుగు-పౌన్ల టార్క్. ఈ నట్టుని మామూలుగా బిగించేది 30, 40 అడుగు-పౌన్లకి. ఆ లెక్క అప్పుడు వేసుకుని ఉంటే బాగుండేది. నట్టు కదల్లేదుగానీ బారెల్ దిమ్మల్లో జారి గిర్రున తిరిగింది, నేను వెళ్ళి వాళ్ళ మంచు తీసే మిషను మీద పడ్డాను.

అప్పుడు నాకొచ్చిన ఆలోచన ఇంకా ఘోరం. బారెల్ జారుతోంది కాబట్టి రిసీవర్‌ని వైస్‌లో బిగిద్దామనుకున్నాను. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు. అది ఎందుకు తప్పో కొంచెం వివరంగా చెప్పాలి. ఈ తుపాకీలో మిగతా భాగాలన్నీ మార్చుకోవచ్చు. బారెల్ ఎలాగూ పారేసేదే. నట్టు చవక సరుకు. చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరున్న రిసీవరే. బారెల్‌ని పోస్టులో తెప్పించుకోవచ్చుగానీ, రిసీవర్ పోతే మామూలుగా డీలరు దగ్గర కాగితాలు నింపి కొత్తది తెచ్చుకోవాల్సిందే, అప్పుడది ఆవిడ రైఫిల్ కాదు. పైగా అది నిండు గొట్టం కాదు. తూటా తొడుగు బయటికి రావడానికి పక్కనా, మేగజీను కోసం కిందా కోసేసి ఉంటుంది. అక్కడ పట్టుకుని మెలిపెడితే ఆ పలచని చోటే మెలి తిరుగుతుంది. బారెల్‌ని పట్టుకుని నట్టుని తిప్పితే రిసీవర్ మీద పడేది నట్టు అంచు రాపిడి మాత్రమే. రిసీవర్‌ని పట్టుకుంటే మనం పెట్టిన బలమంతా దాని మీద నుంచే పోవాలి. పట్టేసిన దాన్ని విప్పేటప్పుడు మొదట తేల్చుకోవలసింది ఎంత బలం పెట్టాలని కాదు, ఏది పోయినా ఫరవాలేదు, ఏది పోకూడదు అని. మా వరసలో ముందు నట్టు, తరవాత బారెల్. రిసీవర్ ఆ వరసలోనే లేదు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. మా నాన్న గుంటుపల్లి వాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యారు. తుపాకీ అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది, తిట్లు తినడానికి ఇంకో పది. ఆ తరవాత పనిలోకి దిగారు.

"కిరసనాయిలు పోసి ఎన్ని రోజులైందిరా?"

"పొయ్యలేదు నాన్నా."

"పొయ్యకుండానే పైపు తగిలించావా? ఎవడ్రా నీకు డిగ్రీ ఇచ్చింది?"

"..."

"నానబెట్టు. రోజూ సుత్తితో చుట్టూ తట్టు, గట్టిగా కాదు. తరవాత విప్పబోకు, ముందు కాస్త బిగించు. కదిలిందనిపిస్తే అప్పుడు విప్పు."

బిగించడం అనగానే అనుమానం వచ్చి మర్నాడు వెళ్ళి చూశాను. ఇది మామూలు కుడిచేతి మరే. బారెల్ కొన వైపు నుంచి చూస్తే నట్టుని గడియారానికి ఎదురు దిశలో తిప్పితే వదులవుతుంది. నేను వైస్‌కి అవతల, రిసీవర్ వైపు నిలబడి ఎదురు దిశలో తిప్పాను. అటునుంచి చూస్తే దిశ తారుమారు. అంటే శనివారం సాయంత్రమంతా మా నాన్న చెప్పకముందే ఆయన చెప్పిన పని చేస్తూ ఉన్నాను, పైపు తొడిగి మరీ. ఈ సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. ఈ పత్రిక గుంటుపల్లిలో చదవరని ధైర్యం.

అసలెందుకు పట్టేస్తుంది? బోల్టులు, నట్ల గురించి క్లాసులో చెప్పిన ఒక మోటు లెక్క ఉంది. మనం పెట్టే టార్క్‌లో దాదాపు సగం నట్టు అంచు కింది రాపిడికి, ఇంకో నలభై శాతం మరల రాపిడికి పోతుంది. నిజంగా బిగింపుగా మారేది పదో వంతే. అంటే రాపిడి కొద్దిగా పెరిగినా విప్పడానికి కావలసిన బలం బాగా పెరుగుతుంది. ఇక్కడ పెంచింది తుప్పు. మంచులో రోజంతా తిరిగిన రైఫిల్‌ని వెచ్చటి ఇంట్లోకి తెస్తే, మన కళ్ళద్దాలకి పట్టినట్టే, ఇనుముకీ చెమట పడుతుంది. పైపైన తుడుస్తాంగానీ మరల్లోకి దిగిన నీటిని ఎవరు తుడుస్తారు? ఇనుము తుప్పుగా మారితే ముందటికంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య అసలే ఖాళీ లేదు, కాబట్టి ఆ తుప్పు మేకు కొట్టినట్టు బిగుసుకుంటుంది. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే, రెండు థ్రెడ్ల మధ్య డెడ్‌లాక్. కాకపోతే దీన్ని రీబూట్ చెయ్యలేం.

కిరసనాయిలు బదులు ఇక్కడ క్రాయిల్, పీబీ బ్లాస్టర్ లాంటి పల్చటి నూనెలు దొరుకుతాయి. పనిచేసే సూత్రం దీపం వత్తిదే: సందు ఎంత సన్ననిదైతే నూనె అంత దూరం తనంతట తనే పాకుతుంది, కానీ నెమ్మదిగా. చల్లి పది నిమిషాల్లో పానా పట్టుకోవడం దండగ. పెద్దాయన వారమంతా రోజూ రెండుపూటలా చుక్కలు వేసి, ఇత్తడి సుత్తితో నట్టు చుట్టూ తట్టారు. ఆ మాత్రం పని ఆయన చేతులు చెయ్యగలిగాయి. తట్టినప్పుడల్లా తుప్పు పొరలో సన్నటి పగుళ్ళు పుడతాయి, నూనెకి దారి దొరుకుతుంది.

బారెల్ జారడానికి మందు మా ఇంట్లోనే దొరికింది. మా అమ్మాయి వయొలిన్ కమానుకి రాసే రోజిన్ దంచి పొడిచేసి, కొత్తగా కోసిన ఓకు దిమ్మల్లో చల్లాం. ఆ తరవాత బారెల్ వెంట్రుకవాసి జారలేదు. శనివారం సంగీతం క్లాసులో కమాను తీగల మీద జారిపోయిందని మాత్రం నాకు కబురందింది.

రెండో వారాంతంలోనూ నట్టు రాలేదు. అప్పుడు వేడి. ఉక్కు ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి పది లక్షల్లో సుమారు 12 వంతులు వ్యాకోచిస్తుంది. అంగుళం పైచిలుకు నట్టుని బారెల్ కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడి చేస్తే పెరిగేది 0.0012 అంగుళం. నట్టు ఊడిపోయేంత వదులు కాదుగానీ, తుప్పు అతుకు విడిపోవడానికీ నూనె ఇంకా పల్చబడటానికీ సాయం చేస్తుంది. మంట జోలికి పోలేదు, హీట్ గన్నే వాడాం. రిసీవర్ వేడి చేసి పదును పెట్టిన ఉక్కు, అతిగా కాలిస్తే ఆ పదును పోతుంది. మెరిసే ఉక్కు మీద లేత గడ్డి రంగు కనపడిందంటే 220 డిగ్రీలు దాటినట్టే, ఆ దరిదాపులకి వెళ్ళకూడదు. రిసీవర్‌కి తడిగుడ్డ చుట్టాం. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ నూనెలు అంటుకుంటాయి. వేడి పెట్టేముందు పైన ఉన్నదంతా తుడిచి, గరాజు తలుపు పూర్తిగా ఎత్తి ఉంచాం.

ఇదీ పనిచెయ్యకపోతే నట్టుని బలి ఇవ్వాలని ముందే అనుకున్నాం. సన్న కోత చక్రంతో నట్టు పొడవునా గాడి కోసి, మరలకి ఇంకా కొంచెం ఉందనగా ఆపి, ఉలితో చీలిస్తే బిగింపు పోతుంది. భుజం ఉండే బారెళ్ళకి కూడా గన్‌స్మిత్‌లు ఇదే సూత్రం వాడతారు. లేతు మీద భుజం పక్కన గాడి కోస్తే ఒత్తిడి తగ్గి బారెల్ తేలిగ్గా వచ్చేస్తుంది. కొన్ని శావేజ్‌లకి గాళ్ళు లేని నున్నటి నట్టు ఉంటుంది. దానికి పానా సరిగ్గా ఆనదు కాబట్టి చాలామంది నేరుగా కోతకే దిగుతారు.

మూడో శనివారం, వేడి పెట్టి, ముందు బిగించే వైపు ఒక్క కుదుపు కుదిపి, తరవాత సరైన వైపు, సరైన చోట నిలబడి, పానా పిడిని సుత్తితో ఒక దెబ్బ వేశాను. పైపు లేదు. టప్ మని మోత. నట్టు పావు అంగుళం తిరిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పగిలిందేమో అనుకున్నాం, పగల్లేదు. కదుపుతూ, నూనె వేస్తూ ఇంకో గంటకి మొత్తం వచ్చేసింది. మరల్లో ఎర్రటి తుప్పుపొడి కాఫీ గుండలా ఉంది.

ఆ తరవాత పని సులువు. మరలు బ్రష్‌తో శుభ్రం చేసి, ఇకముందు పట్టెయ్యకుండా యాంటీ-సీజ్ గ్రీజు రాసి, కొత్త నట్టే వేశాం. బోల్ట్‌లో గో గేజి పెట్టి మూసి, బారెల్ గేజికి తగిలేదాకా చేత్తో తిప్పి, నట్టు 40 అడుగు-పౌన్లకి బిగించాను. బిగించేటప్పుడు మరల్లో ఉన్న కాస్త సందు వల్ల బారెల్ ముందుకి లాగబడి హెడ్‌స్పేస్ కొంచెం పెరుగుతుంది, అందుకని మళ్ళీ చూడాలి. మొదటిసారి నో-గో మీద కూడా బోల్ట్ మూసుకుంది. నట్టు వదులుచేసి మళ్ళీ పెట్టాను. రెండోసారి గో మీద మూసుకుంది, నో-గో మీద మూసుకోలేదు. అయినా నా కొలతని నేను నమ్మలేదు. పెద్దాయన దాన్ని లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళి పరీక్ష చేయించాకే మనవరాలి చేతికిచ్చారు.

రైఫిల్ పెట్టెలో నేనొక చీటీ పెట్టాను: బారెల్ మార్చిన తేదీ, బిగించిన టార్క్, మరలకి గ్రీజు రాశామనీ, విప్పేటప్పుడు ఏ వైపు నిలబడాలో ఒక బొమ్మా.