చిట్టడవిని మరల బ్రతికించుట

1950వ సంవత్సరమున మన దేశమందు వనమహోత్సవము ఆరంభమైనది. నాటినుండి ఏటేట వానలు పడగానే పాఠశాలలలో బాలబాలికలు గుంటలు త్రవ్వి, మొక్కలు నాటి, నీరు పోయుచున్నారు. ఇది కొనియాడదగిన ఆచారమే. కాని మరుసటి సంవత్సరము అదే చోటికి పోయి చూచినచో నాటిన మొక్కలలో ఎన్ని నిలిచియుండును? పెక్కుచోట్ల మొక్క ఎండిపోయి, గుంటకొరకు తిరుగవేసిన మట్టిలో వయ్యారిభామ గుబురుగా పెరిగియుండును. పిల్లలు పడిన శ్రమ మొక్కకు గాక కలుపునకు మేలు చేసినదన్నమాట.

చెట్టు నాటుట వేరు, అడవిని బ్రతికించుట వేరు. మొదటిది ఒక దినములో ముగియును. రెండవది పెక్కు సంవత్సరములు సాగును. చెరువుగట్టున గాని, గుట్టవాలున గాని, పాఠశాల వెనుకనున్న బీటిలో గాని కొంత చిట్టడవి ఇంకను మిగిలియున్నచో దానిని ఎట్లు కాపాడుకొనవలెనో తల్లిదండ్రులకు విన్నవించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

చిట్టడవి యనగా మహారణ్యము కాదు. బలుసు, రేగు, వాక్కాయ, తంగేడు, రేల, మోదుగ మొదలగు పొదలును చిన్న చెట్లును, వాటి నడుమ గడ్డియు తీగెలును కలసిన నేల. దూరమునుండి చూచువారికి అది వట్టి ముండ్లపొదగా తోచును. కాని వాననీటిని ఆపి నేలలోనికి ఇంకించునది అదియే. పిట్టకు పండును, తేనెటీగకు పూవును, మేకకు ఆకును ఇచ్చునది అదియే. తెలంగాణమున బతుకమ్మకును, కొంగునాట పొంగలినాటి కాప్పుకట్టునకును తంగేడుపూవు కావలెను. తెలుగువారు తంగేడనునది తమిళులకు ఆవారము, కన్నడిగులకు ఆవరికె. ఇట్టి మొక్కలకు రెండు భాషలలోను పేర్లు చెప్పగల పెద్దలు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. పొద పోయినచో పేరు చెప్పుటకు పిల్లలకు చూపవలసిన వస్తువే ఉండదు.

ఈ పొదలను నేడు మూడు కలుపుజాతులు ముఖ్యముగా క్రమ్ముకొనుచున్నవి. మొదటిది లాంటానా, దీనిని మన పల్లెలలో పులికంప అందురు. అమెరికాఖండపు ఉష్ణప్రాంతములలో పుట్టిన ఈ మొక్క 19వ శతాబ్ది ఆరంభమున పూవుల అందముకొరకు కలకత్తా వృక్షోద్యానమునకు తేబడినది. రెండవది సర్కారు తుమ్మ. తమిళులు సీమై కరువేలమనియు, కన్నడిగులు బళ్ళారి జాలి యనియు పిలుచు ఈ చెట్టు కూడ అమెరికానుండి వంటచెరకునకై 19వ శతాబ్ది చివరి పాదమున తెప్పింపబడినది. మూడవది వయ్యారిభామ. ఇది 1950వ దశాబ్ది మధ్యమున పూనాలో గుర్తింపబడి, తరువాత దేశమంతట వ్యాపించినది. దీని పుప్పొడివలన పలువురికి ఉబ్బసమును, ఆకు తగులుటవలన చర్మవ్యాధియు కలుగుచున్నవి.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. పైనుండి వచ్చిన మొక్క అన్నంతమాత్రముననే అది చెడ్డదని మా అభిప్రాయము కాదు. మన పులుసులోని చింతపండు ఆఫ్రికానుండి వచ్చిన చెట్టుది. మిరపయు వేరుసెనగయు అమెరికానుండి వచ్చినవి. అవి వచ్చి ఇచ్చటి పంటల ప్రక్కన తామును ఒక పంటయై నిలిచినవి. తరతరముల క్రిందట వేరొక నేలకు వలసవచ్చి, అచ్చటివారితో కలసి బ్రతుకుచున్న మనకు ఈ భేదమును ఎవరును నేర్పనక్కరలేదు. ఒక మొక్కను కలుపని నిర్ణయించునది దాని పుట్టుక కాదు, దాని నడవడి. లాంటానా పొద పెరిగిన చోట క్రింది గడ్డికి వెలుతురు అందదు. దాని ఆకులనుండియు వేళ్ళనుండియు దిగు రసములు ఇతర విత్తనముల మొలకను అణచును. పశువు మేసినచో కాలేయము చెడును. తన ప్రక్కన వేరొకదానిని బ్రతుకనీయదు గనుకనే అది కలుపైనది.

ఇక దీనిని తొలగించు మార్గమేమి? సాధారణముగా మనము చేయునది ఒక్కటే. ఎచ్చట కలుపు మిక్కిలి దట్టముగా నున్నదో అచ్చటికి పదిమంది కత్తులతో పోయి, ఒక్క దినమున మొత్తము నరికివేయుదుము. నేల శుభ్రమైనట్లు కన్పించును. ఆరునెలలలో అచ్చట మునుపటికంటె దట్టముగా కలుపు లేచును. ఇట్లేల జరుగునో ఆలోచించి, దానికి విరుగుడు కనిపెట్టినవారు ఆస్ట్రేలియా దేశమందలి సిడ్నీ నగరవాసులగు ఇరువురు అక్కచెల్లెండ్రు. వారి పేర్లు ఐలీన్ బ్రాడ్లీ, జోన్ బ్రాడ్లీ.

సిడ్నీ ఓడరేవు చుట్టునుగల రాతినేలలో ఇంకను కొంత సహజమైన చిట్టడవి మిగిలియున్నది. అచ్చటను లాంటానాయే పెద్ద శత్రువు. 1960వ దశాబ్దిలో ఈ సోదరీమణులు తమ యింటికి సమీపముననున్న మాస్మన్ ప్రాంతపు పొదలలో నిత్యము నడచుచు, పనివారు కలుపు నరికిన చోట్ల మరల కలుపే మొలచుటను గమనించిరి. తాము నడచు త్రోవలో చేతితో ఒక్కొక్క కలుపుమొక్కను పెరికి చూచిరి. పెరికిన చోట మట్టిని సరిచేసి, రాలిన ఆకులను మరల కప్పిరి. అట్టి చోట్ల దేశీయమైన మొక్కలు వాటియంతట అవియే మొలచినవి. ఈ అనుభవమును జోన్ 1967లో ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. వారి పద్ధతికి మూడు సూత్రములు కలవు.

మొదటి సూత్రము: బాగున్న చోటినుండి పని మొదలుపెట్టి, చెడిన చోటువైపు సాగవలెను. ఇది మన అలవాటునకు పూర్తిగా విరుద్ధము. కాని ఆలోచించినచో న్యాయమే. బాగున్న చోట నేలలో దేశీయమొక్కల విత్తనములును వేళ్ళును నిండియుండును. అచ్చట ఒక కలుపుమొక్కను తీసినచో ఆ ఖాళీని ప్రక్కనున్న దేశీయమొక్కయే నింపును. కలుపు దట్టముగానున్న చోట నేలలోనుండునది కలుపువిత్తనమే. అచ్చట ఎంత తీసినను ఆ ఖాళీలోనికి వచ్చునది కలుపే.

రెండవ సూత్రము: నేలను ఎంత తక్కువగా కదలించిన అంత మేలు. తిరుగబడిన మట్టియు, దానిపై పడు ఎండయు కలుపువిత్తనమునకు ఆహ్వానములు. కావున గుంటలు త్రవ్వుట, నేల చదును చేయుట, రాలిన ఆకులను ఊడ్చి తగులబెట్టుట తగవు.

మూడవ సూత్రము: అడవి కోలుకొను వేగమునకు మించి కలుపు తీయరాదు. ఈ ఏడు తీసిన చోట దేశీయమొక్కలు కుదురుకొనిన పిమ్మటనే ముందుకు పోవలెను. చేతులు ఎన్ని యున్నను, ధనమెంత యున్నను ఈ మూడవ సూత్రమును దాటినచో చేసిన పని చెడిపోవును.

లాంటానా విషయమున మన దేశమునందే మరియొక మంచి పద్ధతి ఏర్పడినది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు సి. ఆర్. బాబుగారును వారి సహచరులును దీనిని రూపొందించి, కార్బెట్ పులుల అభయారణ్యమున ప్రయోగించిరి. లాంటానాను నేలపైన నరికినచో మొదటినుండి పలు చిగుళ్ళు వచ్చును. ఆ చిగుళ్ళు పుట్టు భాగము వేరుమొదటనే కలదు. కావున నేలమట్టమునకు ఒకటి రెండంగుళముల క్రింద ప్రధానమైన వేరును గునపముతోనో చిన్న పలుగుతోనో తెగగొట్టి, పొదను పైకెత్తి తలక్రిందుగా పెట్టవలెను. వేరు మట్టిని తాకదు గనుక పొద అట్లే ఎండును. ఇందు మట్టి కదలుట మిక్కిలి స్వల్పము. పిదప పిట్టలు వాలు చెట్లక్రింద వానాకాలమున చూచి, వాటి రెట్టలలోని విత్తనములనుండి మొలచిన లేతమొక్కలను చేతితో లాగివేయవలెను. ఖాళీయైన చోట అచ్చటిదే యైన గడ్డిని పెంచవలెను.

తీసిన కంపను వ్యర్థము చేయనక్కరలేదు. కర్ణాటకమందలి మలె మహదేశ్వర కొండలలో సోలిగలు లాంటానా కాడలను ఉడికించి, తొక్క తీసి, కుర్చీలును బల్లలును అల్లి జీవనము చేసికొనుచున్నారు. నీలగిరులలోని గూడలూరు ప్రాంతపు ఆదివాసులు లాంటానాతో చేసిన నిలువెత్తు ఏనుగుబొమ్మలు 2021లో లండను నగరపు ఉద్యానములలో ప్రదర్శింపబడినవి.

కలుపును కన్నులతో చూడగలము. అడవికి రెండవ శత్రువగు తెగులు కంటికి కనబడక వచ్చును. పశ్చిమ ఆస్ట్రేలియాలో జర్రా అను గొప్ప చెట్ల అడవులు కలవు. 20వ శతాబ్ది పూర్వార్ధమున అచ్చటి చెట్లు గుంపులుగుంపులుగా ఎండుట ఆరంభమైనది. కారణము చాలకాలము తెలియలేదు. 1960వ దశాబ్ది మధ్యమున అది ఫైటాఫ్తొరా సిన్నమోమి అను సూక్ష్మజీవి పనియని తేలినది. ఇది తడినేలలో ఈదుచు పోయి వేళ్ళను కుళ్ళబెట్టును. దీనిని ఊరూర మోసికొనిపోయినది గాలి కాదు, పిట్ట కాదు. బాటలు వేయుటకు తోలిన కంకరయు, బండ్ల చక్రములకు అంటిన బురదయు, మనుష్యుల పాదరక్షలును దీనిని మోసినవి. ఒకసారి నేలలో చేరిన తెగులును పూర్తిగా తొలగించు ఉపాయము నేటికిని లేదు. ఫాస్ఫైటు మందు దానిని మందగింపజేయగలదు గాని నిర్మూలింపజాలదు. అందుచేత అచ్చటి అడవుల ప్రవేశమార్గములలో పాదరక్షలు తుడుచుకొనుటకు కుంచెలను ఏర్పాటుచేసిరి. బురద వదలించుకొనినగాని లోనికి పోరాదు.

ఇది దూరదేశపు ముచ్చటయని అనుకొనరాదు. మలెనాటి పోకతోటలను వానాకాలమున పాడుచేయు కొళె రోగము ఈ ఫైటాఫ్తొరా కుటుంబములోనిదే. 1910 ప్రాంతమున మైసూరు సంస్థానమందలి శాస్త్రజ్ఞుడు లెస్లీ కోల్మన్ దీనిని పరిశోధించి, మైలుతుత్తమును సున్నమును కలిపిన బోర్డో మిశ్రమమును వానలకు ముందే గెలలపై చల్లవలెనని ఉపదేశించెను. తోటవారు నేటికిని అట్లే చేయుచున్నారు. తోటలో గెలగెలకు మందు చల్లవచ్చును, అడవిలో చల్లలేము. అడవికి మందు ఒక్కటే: తెగులును లోనికి రానీయకుండుట.

ఇప్పుడు కలుపును తెగులును కలిపి చూచినచో రెంటికిని ఒకే నీతి తేలుచున్నది. చెడినదానిని బాగుచేయుటకు పరుగెత్తుటకు ముందు బాగున్నదానిని చెడకుండ కాపాడవలెను. బాగున్న నేలలోనే అడవి తన్ను తాను విస్తరింపజేసికొను శక్తి కలదు. మనము చేయునది దానికి సాయము మాత్రమే.

కావున తల్లిదండ్రులకు మేము చేయు సూచనలు ఇవి. రాబోవు వనమహోత్సవమునకు ముందే ఒకనాడు పిల్లలను వెంటబెట్టుకొని సమీపపు పొదలను చూడబొండు. ఇంటి పెద్దలు కూడ వచ్చినచో మరియు మంచిది. ఏయే మొక్కలున్నవో వాటి తెలుగు పేర్లతోను, ఇచ్చటి భాషలోని పేర్లతోను పిల్లలచేత పుస్తకములో వ్రాయింపుడు. కలుపు అతి తక్కువగానున్న చోటును ఎంచుకొని, ఇంటి గదియంత నేలను మాత్రమే మొదట చేపట్టుడు. వయ్యారిభామను పూయకముందే, చేతులకు తొడుగులు వేసికొని పెద్దలే పెరుకవలెను. ఉబ్బసముగల పిల్లలను ఆ పనికి దూరముగా నుంచుడు. లాంటానా పచ్చికాయలు విషకరములు గనుక తినరాదని చిన్నపిల్లలకు చెప్పుడు. ఒక తోటనుండి వేరొక చోటికి పోవునపుడు పాదరక్షలను, పలుగు పారలను కడిగి ఆరబెట్టుడు. ఎచ్చటిదో తెలియని మట్టిని, తెగులు సోకిన మొక్కలను తెచ్చి ఆ నేలలో వేయకుడు. అది అటవీశాఖవారి భూమియైనచో వారి అనుమతి లేనిదే ఏ మొక్కపైనను చేయివేయరాదు. పంచాయతీ నేలయైనచో పంచాయతీవారితో ముందు మాటలాడుడు.

మొదటి యేట చూపుటకు గొప్ప ఫలితమేమియు ఉండదు. ఛాయాచిత్రమునకు తగినంత పచ్చదనము కూడ ఉండకపోవచ్చును. రెండు మూడు వానాకాలములు గడచిన పిమ్మట ఎవరును నాటని ఒక తంగేడుమొక్క కలుపు తీసిన చోట తలయెత్తును. అప్పటికి ఆ పిల్లలు పై తరగతికి పోయియుందురు. వారి తమ్ములును చెల్లెండ్రును ఆ పుస్తకమును అందుకొని తరువాతి పేరును వ్రాయుదురు. ఈ పని తరగతినుండి తరగతికి సాగవలసినది. అందుచేతనే దీనిని పాఠశాల మాత్రమే చేయగలదని మేము నమ్ముచున్నాము.