చిన్న పట్టణముల బేస్‌బాల్ క్రీడాస్థలములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ అను చెండాట యొకటి కలదు. మనకు క్రికెట్టు ఎట్టిదో అచ్చటివారికి ఇది యట్టిది. న్యూయార్కు, బోస్టను వంటి మహానగరములలో ఈ యాట యాడు పెద్ద జట్ల సంగతి లోకమెరుగును. నేను చెప్పదలచినది వాని సంగతి కాదు. చిన్న పట్టణములలో చిన్న జట్లు ఆడు క్రీడాస్థలముల సంగతి. ఊరి సొమ్ముతో కట్టిన కట్టడమునకును, ఊరిది కాని జట్టునకును గల సంబంధమే నా ప్రసంగమునకు విషయము. సత్రము కట్టించినవా డొకడు, అందు బసచేయువా డొకడు. బసచేయువాడు మూటాముల్లె సర్దుకొని పోయిననాడు సత్రమేమగునన్న ప్రశ్న మన పెద్దలకు క్రొత్తది కాదు.

ముందుగా ఆ స్థలముయొక్క రూపము తెలియవలెను. క్రికెట్టులో బంతిని ఏ దిక్కునకైనను కొట్టవచ్చును. బేస్‌బాల్‌లో నట్లు కాదు. కొట్టువాడు మైదానపు మూల నిలిచి, ఎదుట విసనకఱ్ఱవలె విచ్చుకొనియున్న స్థలములోనికే బంతిని కొట్టవలెను. అతడు నిలుచు చోటును, బేసులనబడు మరి మూడు గుర్తులును కలిసి యొక చతురస్రమగును. దాని యొక్కొక్క భుజము 90 అడుగులు. బంతి విసరువాడు 60 అడుగుల 6 అంగుళముల దూరమున చిన్న మట్టిదిబ్బపై నిలుచును. కొట్టినవాడు మూడు బేసులను వరుసగా తాకి, బయలుదేరిన చోటికి తిరిగి చేరినచో నొక పరుగు లభించును. ఈ కొలతలు ఎల్ల యెడల నొక్కటే. చతురస్రమున కావల నుండు ప్రహరిగోడ దూరము మాత్రము స్థలమును బట్టి మారును. కావున నొక యూరి మైదానమువలె మరియొక యూరి మైదాన ముండదు. ఒకచోట గోడ దాటిన బంతి వేరొకచోట ఆటగాని చేత చిక్కును.

ఇక చిన్న జట్ల యేర్పాటు. పెద్ద లీగులో 30 జట్లు కలవు. ఒక్కొక్క దానికి నాలుగేసి చిన్న జట్లు అనుబంధముగా నున్నవి. యువకులు క్రింది మెట్టున చేరి, నేర్పు చూపినకొలది పై మెట్టున కెక్కుదురు. పెక్కుమంది నడుమనే యాగిపోవుదురు. 2009లో రింకూ సింగ్, దినేశ్ పటేల్ అను మన దేశపు యువకులిరువురు ఇట్టి క్రింది మెట్టుననే ఆడిరి. ఆటగాండ్రకు జీతమిచ్చునది పెద్ద జట్టు. ఎవ రెచ్చట ఆడవలెనో నిర్ణయించునదియు నదియే. టిక్కెట్లు, తినుబండారములు అమ్మి వ్యాపారము నడపుకొనువాడు చిన్న జట్టు యజమాని. క్రీడాస్థలము మాత్రము సాధారణముగా పురపాలక సంఘమునదో, జిల్లా ప్రభుత్వమునదో యగును. ఈ మువ్వురిలో ఊరిని విడిచి పోలేనిది ఊరొక్కటియే.

ఈ స్థలములకు జనము నలవాటు చేసినవి దీపములు. 1930లో ఆ దేశము ఘోరమైన ఆర్థికమాంద్యములో నుండెను. పగలు పనికిపోవు కూలివాడు పగటిపూట ఆట చూడజాలడు. ఆ యేడు ఏప్రిల్ 28వ తేదీన, కాన్సాస్ రాష్ట్రమందలి ఇండిపెండెన్స్ అను చిన్నపట్టణమున విద్యుద్దీపముల వెలుగున రాత్రి యాట జరిగెను. పెద్ద లీగువారు ఈ పద్ధతి నవలంబించినది 1935లో. అనగా చిన్న ఊళ్లే పెద్ద నగరములకు దారి చూపినవి. 1949 నాటికి చిన్న లీగులు 59 వరకు పెరిగి, ఆ యేట సుమారు 4 కోట్లమంది ప్రేక్షకులు వచ్చిరి. తరువాత టెలివిజను ఇంటింట వెలసి, జనము ఇల్లు కదలుట మానిరి. పెక్కు మైదానములు గడ్డి మొలచి పాడుపడెను.

ఇప్పుడొక క్రీడాస్థలము చరిత్ర వినుడు. రోడ్ ఐలండ్ అను చిన్న రాష్ట్రమున పాటకెట్ అను పట్టణము కలదు. అది నూలుమిల్లుల ఊరు. అచ్చట చిత్తడినేలను పూడ్చి, ప్రభుత్వము నిరుద్యోగులకు పని కల్పించు పథకము క్రింద నొక స్టేడియమును కట్టించెను. అది 1942లో తెరువబడెను. ఊరి మేయరుగా నుండిన థామస్ మెక్కాయ్ మరణానంతరము దాని కాయన పేరు పెట్టిరి. ఆటగాండ్రు కూర్చుండు చోటు ప్రేక్షకుల వరుసలకు సరిగా క్రిందుగా నుండెను. అందుచే పిల్లలు పాలడబ్బాలను కోసి, అందు బంతియు కలమును పెట్టి, బావిలో చేదవేసినట్లు త్రాటితో క్రిందికి దింపెడివారు. ఆటగాడు సంతకము చేసి త్రాడు లాగగా, వారు పైకి చేదుకొనెడివారు.

1977లో ఆ జట్టు దివాలా తీసియుండగా, బెన్ మోండర్ అను మిల్లు వ్యాపారి దానిని కొనెను. ఆ యేడు వచ్చిన ప్రేక్షకులు దాదాపు 70 వేలు. ఆయన స్థలమును శుభ్రపరచి, టిక్కెట్ల ధర తక్కువగా నుంచి, కుటుంబములు పిల్లలతో వచ్చి కూర్చుండదగిన చోటుగా దానిని మార్చెను. 2005లో వచ్చినవారు 6 లక్షల 80 వేలకు పైబడిరి.

ఆ స్టేడియములోనే వృత్తిబేస్‌బాల్ చరిత్రలో నెల్ల దీర్ఘమైన ఆట జరిగినది. ఈ యాటలో ఒక్కొక్క పక్షమునకు తొమ్మిది ఇన్నింగ్సులు. అప్పటికి సమముగా నున్నచో తేలువరకు ఆడవలెను. 1981 ఏప్రిల్ 18వ తేది రాత్రి పాటకెట్, రోచెస్టర్ జట్లు ఆట మొదలుపెట్టినప్పుడు 1,740 మంది ప్రేక్షకు లుండిరి. చలి కోర్వలేక ఆటగాండ్రు విరిగిన బ్యాట్లను మంటవేసి కాచుకొనిరి. లీగు అధ్యక్షునికి టెలిఫోను అందగా, ఆయన యాజ్ఞపై తెల్లవారుజామున 4 గంటల 7 నిమిషములకు ఆట నిలిపిరి. అప్పటికి 32 ఇన్నింగ్సులు ముగిసి పరుగులు 2–2గా నుండెను; మిగిలిన ప్రేక్షకులు పందొమ్మండుగురు. జూన్ 23వ తేదీన మరల మొదలుపెట్టగా 18 నిమిషములలో పాటకెట్ గెలిచెను. నాడు ఎదురెదురుగా ఆడిన వేడ్ బాగ్స్, కాల్ రిప్కెన్ పిమ్మట జగత్ప్రసిద్ధులైరి. 2018 నుండి చిన్న లీగులలో నియమము మార్చి, అదనపు ఇన్నింగ్సునందు రెండవ బేసుపై నొక ఆటగానిని ముందే నిలుపుచున్నారు. కావున అట్టి ఆట మరల జరుగుట దుర్లభము.

మోండర్ 2010లో మరణించెను. 2015లో జట్టు క్రొత్త యజమానుల చేతికి పోయెను. మెక్కాయ్ స్టేడియము పాతబడినది, ప్రజాధనము సాయముగా క్రొత్తది కావలెనని వారు కోరిరి. అంతకు మునుపే, 2012లో, ఆ రాష్ట్రప్రభుత్వము పూచీపడిన యొక కంపెనీ దివాలా తీసి ప్రజలకు పెద్ద నష్టము తెచ్చియుండెను. చేతులు కాల్చుకొన్నవారు మరల నిప్పు ముట్టుటకు వెనుదీయుట సహజము. శాసనసభలో బేరము సాగిన పిమ్మట, 2018 ఆగస్టులో, యజమానులు పొరుగురాష్ట్రమందలి వూస్టర్ నగరమునకు తరలిపోదుమని ప్రకటించిరి. 2020లో కరోనా వ్యాధి వలన ఆటలే జరుగలేదు. ఆ వేసవిని మైదానపు పచ్చికపై బల్లలు వేసి భోజనములు వడ్డించిరి. వీడ్కోలు ఆట లేకయే జట్టు వెడలిపోయెను. 2025లో మెక్కాయ్ స్టేడియమును పడగొట్టిరి. ఆ స్థలమున ఉన్నతపాఠశాల కట్ట నిశ్చయించిరి.

వూస్టర్ నగరము కట్టిన క్రొత్త స్టేడియమునకు 15 కోట్ల డాలర్లకు మించి వ్యయమైనది. చుట్టుప్రక్కల క్రొత్త భవనములు లేచి, వానిపై వచ్చు పన్నులతో అప్పు తీరునని వారి లెక్క. ఇట్టి లెక్కలను జాగ్రత్తగా చూడవలెనని నా యభిప్రాయము. ఆటకు వచ్చి ఊరివాడు ఖర్చుచేయు డాలరు చాలవరకు ఆ యూరిలోనే మరియొక కొట్టున ఖర్చు కావలసినది. అది చేయి మారునే కాని క్రొత్తగా పుట్టదు. పాటకెట్ పోగొట్టుకొన్నది ధనముకన్న వేరైనది. తాతయు మనుమడును తక్కువ ఖర్చుతో ఒక సాయంకాలము ప్రక్కప్రక్కన కూర్చుండు చోటది. దానికి వెల కట్టుట కష్టము. ఆ కష్టమునే యజమానులు బేరములో వాడుకొందురు.

2020 చివర మరియొక మార్పు వచ్చెను. పెద్ద లీగువారు అనుబంధ జట్లను 160 నుండి 120కి తగ్గించిరి. నలువదికి మించిన పట్టణములు తమ స్థానమును కోల్పోయెను. మిగిలినవి దీపములు, వస్త్రములు మార్చుకొను గదులు, అభ్యాసపు తావులు మున్నగువానిని క్రొత్త ప్రమాణములకు తగినట్లు గడువులోపల బాగుచేయవలసి వచ్చెను. వేరొకరు నియమించిన ప్రమాణమునకు పెక్కుచోట్ల ఊరు సొమ్ము చెల్లించెను.

అట్లని జట్టు పోయిన స్థలమెల్ల నశింపవలెనని లేదు. అలబామా రాష్ట్రమందు బర్మింగ్‌హామ్ అను ఉక్కు కార్ఖానాల నగరమున రిక్‌వుడ్ ఫీల్డ్ కలదు. 1910 ఆగస్టు 18న తెరువబడిన ఆ స్టేడియము ఆ దేశమున నిలిచియున్న వృత్తిబేస్‌బాల్ స్టేడియములలో నెల్ల పాతది. అచ్చట తెల్లవారి జట్టు ఒకటి, నల్లజాతివారి జట్టు ఒకటి వేరువేరుగా ఆడెడివి. తెల్లవారి ఆటకు వచ్చిన నల్లజాతి ప్రేక్షకులను వేరొక మూల కూర్చుండబెట్టెడివారు. 1948లో, పదునేడేండ్ల ప్రాయమున, విల్లీ మేస్ అను మహాక్రీడాకారుడు నల్లజాతివారి జట్టున నిచ్చటనే ఆడెను. 1987 తరువాత నగరపు జట్టు క్రొత్త స్టేడియమునకు పోయెను. రిక్‌వుడ్‌ను పడగొట్టవచ్చును, కాని ఊరివారు కొందరు 1992లో నొక సంఘముగా నేర్పడి దాని మరమ్మతులకు పూనుకొనిరి. 2024 జూన్ 20న పెద్ద లీగు జట్లు రెండు వచ్చి అచ్చట ఆడినవి. అంతకు రెండు దినముల ముందే మేస్ తన 93వ యేట మరణించెను.

జట్టు వ్యాపారి సొత్తు. ఎక్కువ యిచ్చువాని యొద్దకు పోవుట వానికి తప్పు కాకపోవచ్చును. ఊరు మాత్రము కట్టుటకు ముందే, జట్టు లేనినాడు ఈ స్థలమును ఏమి చేసికొందుమని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్నకు సమాధానము గల ఊరు బేరమున భయపడదు. రిక్‌వుడ్‌లో నేటికిని బడిపిల్లలు ఆడుకొనుచున్నారు.